విజ్ఞానశాస్త్రపు ఇంటిపని : గ్రామము చేయదగిన సహాయము

బడి విడిచిన పిమ్మట బాలబాలికలు ఇంటికి తెచ్చుకొను పనిలో లెక్కలు గలవు, భాష గలదు, చరిత్ర గలదు. వీనిలో తల్లిదండ్రులను ఎక్కువగా వెనుకాడించునది విజ్ఞానశాస్త్రము. “మాకు అక్షరము ముక్క రాదు, మేమేమి చెప్పగలము?” అని తల్లి తప్పుకొనును. “ట్యూషనుకు పంపుదము” అని తండ్రి అనును. ఆ రుసుము ఇచ్చుకొనలేని ఇంటి బిడ్డ గైడులోని జవాబును నోటుపుస్తకములోనికి ఎక్కించి పని అయినదనిపించును. నోటుపుస్తకము నిండును, బిడ్డకు తెలిసినది మాత్రము ఏమియు ఉండదు.

ఈ లోపము చూచుటకు చిన్నది, ఫలితము పెద్దది. ఆరవ, ఏడవ తరగతులలో చూచి వ్రాయుటకు అలవాటుపడిన బిడ్డ తొమ్మిదవ తరగతికి వచ్చునప్పటికి భౌతికశాస్త్రమన్న భయపడును, జీవశాస్త్రమన్న బట్టీ పట్టును. పాలిటెక్నిక్కు, వ్యవసాయ డిప్లొమా, ఇంటర్మీడియటులో సైన్సు, అటుపిమ్మట నర్సింగు, వైద్యము, ఇంజనీరింగు - ఈ తలుపులన్నియు ఆ భయము వలననే ఒకటొకటిగా మూసికొనిపోవును. చదువుకున్నవారి ఇంట బిడ్డకు అన్నయో, మేనమామయో చెప్పును. వంశములో మొదటిసారిగా పలక పట్టిన బిడ్డకు చెప్పువారెవరు? ఆ లోటు తీర్చవలసినది గ్రామము. కనుకనే పంచాయతీ సభ్యులకు ఈ విన్నపము.

పంచాయతీకి గల బాధ్యత

“చదువు చెప్పుట ఉపాధ్యాయుల విధి గదా, మాకేమి సంబంధము?” అని కొందరు సభ్యులు అడుగవచ్చును. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణము 1993 ఏప్రిల్ 24వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దానిచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీల కప్పగింపదగిన 29 విషయములు గలవు. ప్రాథమిక, మాధ్యమిక విద్యయు, గ్రంథాలయములును అందులోనివే. 1976లో జరిగిన 42వ సవరణము శాస్త్రీయ దృక్పథమును పెంపొందించుకొనుటను పౌరుల ప్రాథమిక విధులలో ఒకటిగా చేర్చినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము పాఠశాల యాజమాన్య సంఘములో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండవలెననియు, సభ్యులలో సగము మంది స్త్రీలు కావలెననియు నిర్దేశించినది.

పంచాయతీ పాఠము చెప్పనక్కరలేదు. బడిలో చెప్పిన పాఠము ఇంటియొద్ద నాటుకొనుటకు తగిన అనుకూలతను కల్పించిన చాలును.

వంటయింటిలోని ప్రయోగశాల

విజ్ఞానశాస్త్రమన్న గాజుగొట్టములు, ఖరీదైన పరికరములు అను అపోహ మొదట తొలగవలెను. పరిశీలించుట, కొలుచుట, పోల్చిచూచుట, కారణము వెదకుట - ఇవియే ఆ శాస్త్రమునకు మూలము. వీనికి కావలసిన సామగ్రి ప్రతి ఇంటను గలదు.

పాలకు తోడు పెట్టుట చూడుడు. మరగుచున్న పాలలో తోడు వేసిన పెరుగు కాదని మన గృహిణులందరు ఎరుగుదురు. తోటిలోని సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను ఆమ్లముగా మార్చును. ఆ ఆమ్లము వలన పాలు గడ్డకట్టును. గోరువెచ్చదనములో ఆ జీవులు చురుకుగా వృద్ధిపొందును, మరుగు వేడిమికి చచ్చును. ఇప్పుడు బిడ్డను మూడు గిన్నెలు తీసికొనుమనుడు. మూడింటను కాచిన పాలు సమానముగా పోయవలెను. మొదటిదానిలో పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు వేయవలెను. రెండవదానిలో మరగుచున్నప్పుడే తోడు వేయవలెను. ఇది తల్లి చేతిమీదుగా జరుగవలెను. మూడవదానిలో గోరువెచ్చని పాలే ఉంచి తోడు మానవలెను. మరునాటి ఉదయము చూచినది చూచినట్లు వ్రాయవలెను. వేడిమి ఎంత అవసరమో, తోడు ఎంత అవసరమో బిడ్డకు విడివిడిగా తెలియును. ఒకమారు ఒక్క విషయమునే మార్చి చూడవలెనను నియమము, పెద్ద ప్రయోగశాలలలో సైతము పాటింపబడునది, ఈ మూడు గిన్నెలలోనే బోధపడును.

పెండ్లిండ్లలో పాదములకు పూయు పారాణిని తీసికొనుడు. పసుపులో సున్నము కలిపిన ఎఱ్ఱనగుట మన అవ్వలందరు ఎరిగినదే. అది క్షారమునకు గుర్తు. అందే నిమ్మరసము తగినంత పిండిన మరల పసుపు రంగు వచ్చును. అది ఆమ్లము చేసిన పని. ఆమ్లములు, క్షారములు అను పాఠము బడిలో వచ్చినప్పుడు పసుపునీటిలో ముంచి ఆరబెట్టిన కాగితపు ముక్కలతో సబ్బునీటిని, చింతపండు పులుసును, బూడిదనీటిని పరీక్షింపవచ్చును. చదువు రాదని సంకోచించు తల్లి ఈ పాఠములో సగము ముందే ఎరిగియున్నది. ఆ సంగతి బిడ్డకు తెలిసిన తల్లిపై గౌరవమును, శాస్త్రముపై చనువును ఒక్కమారే కలుగును.

జవాబు చెప్పరాదు, ప్రశ్న అడుగవలెను

ఇంటిలో సహాయము చేయువారు పాటింపవలసిన సూత్రమొకటి గలదు. బిడ్డ పనిని తాము చేయరాదు. అంగడిలో ఛార్టునో, తయారైన నమూనానో కొని ఇచ్చుట సహాయము కాదు. సెల్‌ఫోనులో దొరకిన జవాబును దింపుకొనుటయు గైడును చూచి వ్రాయుట వంటిదే. పెద్దలు మూడు ప్రశ్నలు అడిగిన చాలును: “ఏమి జరుగునని అనుకొంటివి? ఏమి చూచితివి? ఎందుకట్లు జరిగినది?” ఈ ప్రశ్నలు అడుగుటకు పట్టములు అక్కరలేదు. మూడవ ప్రశ్నకు జవాబు రానిచో దానిని నోటుపుస్తకములో వ్రాసికొని మరునాడు ఉపాధ్యాయుని అడుగవలెను. తెలియనిదానిని తెలియదని వ్రాసిన బిడ్డను మందలింపరాదు.

పుస్తకమునకు భిన్నముగా ఫలితము వచ్చినచో ఏమి చేయవలెను? ఒక ఉదాహరణము. మీటరు పొడవుగల కఱ్ఱను చదునైన నేలపై నిటారుగా పాతి, పదునొకండుముప్పావునుండి ఐదు నిమిషముల కొకమారు నీడను కొలుచుట సులభమైన ఇంటిపని. నీడ మిట్టమధ్యాహ్నమున మిక్కిలి పొట్టిగా ఉండునని చదివిన బిడ్డ పన్నెండు గంటలకే అట్లుండునని తలచును. కాని సెప్టెంబరు మొదటి దినములలో హైదరాబాదు ప్రాంతమున అది సుమారు 12 గంటల 16 నిమిషములకు సంభవించును. బిడ్డ కొలతలో తప్పు లేదు. మన గడియారములు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును అనుసరించి నడచుచున్నవి. ఆ రేఖ కాకినాడకు కొంచెము తూర్పుగా పోవుచున్నది. హైదరాబాదు దానికి దాదాపు నాలుగు డిగ్రీలు పడమర. డిగ్రీకి నాలుగు నిమిషముల చొప్పున పదునారు నిమిషములు ఆలస్యమగును. ఆ దినములలోనే అనంతపురమున సుమారు ఇరువది నిమిషములు, కాకినాడలో ఒక నిమిషము మాత్రమే భేదముండును. ఋతువును బట్టియు ఈ కాలము కొన్ని నిమిషములు మారును. చూచినదానిని కొట్టివేసి 12 అని వ్రాసిన బిడ్డకు మార్కు దక్కవచ్చును, శాస్త్రము దక్కదు.

పల్లెబడులలో ఇది సాధ్యమా?

సాధ్యమేనని మధ్యప్రదేశములోని హోషంగాబాదు జిల్లా చాటినది. 1972లో అచ్చటి 16 గ్రామీణ మాధ్యమిక పాఠశాలలలో, పిల్లలు స్వయముగా ప్రయోగములు చేసి నేర్చుకొను పద్ధతి ప్రారంభమైనది. 1978లో జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నిటికి వ్యాపించినది. పరీక్షలలో సైతము పుస్తకము దగ్గర నుంచుకొనుటకు అనుమతి యుండెను. ప్రయోగము చేసి చూపవలసియుండెను. 2002లో ఆ కార్యక్రమము ఆగిపోయినను, చవుకవస్తువులతో పల్లెబిడ్డలు విజ్ఞానశాస్త్రమును నేర్వగలరని మూడు దశాబ్దములు నిరూపించినది.

పంచాయతీ చేయదగిన పనులు

1. చోటు, వెలుతురు. పంచాయతీ కార్యాలయమందో, గ్రంథాలయమందో, బడిలోనో సాయంకాలము ఒక గదిని దీపముతో, ఫ్యానుతో తెరచియుంచవలెను. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను వసూలగుచున్నది గనుక విజ్ఞానశాస్త్ర గ్రంథములను కోరుటకు గ్రామమునకు హక్కు గలదు.

2. కాలము. 2020 నాటి జాతీయ పాఠశాల సంచి విధానము రెండవ తరగతి వరకు ఇంటిపని ఉండరాదనియు, ఆరునుండి ఎనిమిదవ తరగతి వరకు దినమునకు ఒక గంట మించరాదనియు సూచించినది. ఆ ఒక్క గంటయు నీళ్లు తెచ్చుట, తమ్ముని ఎత్తుకొనుట, అంట్లు తోముట మధ్య ఆడపిల్లకు దొరకుటలేదు. మహిళా సభ్యులు, స్వయంసహాయక సంఘములవారు ఇంటింట ఈ మాట చెప్పిన ఫలితముండును.

3. మనుష్యులు. ఊరిలో కళాశాల చదువు చదువుచున్న యువతీయువకులు వారమునకు రెండు దినములు ఆ గదిలో కూర్చుండవలెను. జవాబులు చెప్పక, పై మూడు ప్రశ్నలు అడుగవలెనని వారికి ముందుగా బోధింపవలెను.

4. వానకొలత. నిలువు గోడలు, సమతలమైన అడుగుగల పాత్రను చెట్లకు, గోడలకు దూరముగా ఉంచి, ప్రతి ఉదయము 8 గంటల 30 నిమిషములకు నీటి ఎత్తును కొలిపించి కార్యాలయపు నల్లబల్లపై వ్రాయింపవలెను. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన కురిసిన ఒక లీటరు నీరగును. నూరు చదరపు మీటర్ల బడికప్పుపై పది మిల్లీమీటర్లు కురిసిన వేయి లీటర్లు. ఆ నీరు ఎచ్చటికి పోవుచున్నదో పిల్లలు అడుగుదురు; జవాబు చెప్పవలసినది పంచాయతీ. తాము కొలిచిన అంకె గ్రామమునకు ఉపయోగపడుచున్నదని తెలిసిన బిడ్డకు ఇంటిపని బరువుగా తోచదు.

5. భద్రత. నిప్పు, మరుగునీరు, పెద్దలు లేక ముట్టరాదు. ఇంటి విద్యుత్తుతో ప్రయోగములు కూడవు. టార్చిలైటు బ్యాటరీ చాలును. సూర్యుని నేరుగా చూడరాదు. పురుగుమందు డబ్బాలను కడిగి వాడుట ఎంతమాత్రము తగదు.

6. ప్రోత్సాహము. 1928 ఫిబ్రవరి 28న సర్ సి.వి. రామన్ తన పరిశోధనా ఫలితమును ప్రకటించిన దినమును 1987 నుండి జాతీయ విజ్ఞాన దినముగా జరుపుకొనుచున్నాము. ఆనాడు పిల్లల నోటుపుస్తకములను పంచాయతీ కార్యాలయమున ప్రదర్శింపవలెను. అందమైన అట్టలకు గాక, స్వయముగా చూచి వ్రాసిన పుటలకు బహుమతి నీయవలెను.

వీనిలో ఏ పనికిని పెద్ద గ్రాంటు అవసరము లేదు. ఒక గది, ఒక దీపము, ఒక వానకొలత పాత్ర, ఓపికతో ప్రశ్న అడుగు నలుగురు మనుష్యులు చాలును. రాబోవు గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టి, ప్రధానోపాధ్యాయుని ఆహ్వానించి, ఆ గది తాళపుచెవి ఎవరి యొద్ద ఉండవలెనో, తలుపు ఏ వేళకు తీయవలెనో ఆనాడే నిర్ణయింపవలెనని సభ్యులను కోరుచున్నాము.