ఏ తరగతికి చెబుతారు?

టీచర్ కావాలంటే ఏం చదవాలని మన ఊళ్లలో ఎవరిని అడిగినా ఒకటే జవాబు వస్తుంది: డిగ్రీ చెయ్, బి.ఎడ్. చెయ్, డీఎస్సీ రాయ్. వినడానికి బాగానే ఉంటుంది. ఆ మాట నమ్మి రెండేళ్లూ, ఫీజు డబ్బూ పెట్టి, తీరా నోటిఫికేషన్ వచ్చాక తాము అనుకున్న పోస్టుకు తాము పనికిరామని తెలుసుకున్నవాళ్లు అవనిగడ్డ కోచింగ్ సెంటర్ల నుంచి దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల దాకా కనిపిస్తారు. తప్పు వాళ్లది కాదు. నిబంధనలు ఒక లెక్కన రాసి ఉన్నాయి, సలహాలు ఇంకో లెక్కన తిరుగుతున్నాయి.

నిబంధనలు చూసేది ఎన్నేళ్లు చదివారని కాదు. ఏ తరగతి పిల్లలకు, ఏ సబ్జెక్టు చెప్పడానికి శిక్షణ పొందారన్నదే వాటికి కావాలి. ఒకటి నుంచి ఐదు దాకా ఒక దారి, ఆరు నుంచి పది దాకా మరో దారి, ఆపై తరగతులకు మూడోది. ఈ సంగతి పట్టుకుంటే కింది అపోహల్లో సగం వాటంతటవే విడిపోతాయి.

అపోహ: బి.ఎడ్. పెద్ద చదువు. అది ఉంటే చిన్న పిల్లలకు చెప్పడానికి అడ్డేముంది?

అడ్డుంది. అదీ సుప్రీంకోర్టు చెప్పిన అడ్డు.

ఈ అపోహకు కొంత కారణం ప్రభుత్వమే. ఒకటి నుంచి ఎనిమిది తరగతుల టీచర్లకు కనీస అర్హతలేమిటో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అంటే ఎన్‌సీటీఈ, 2010 ఆగస్టు 23న ప్రకటించింది. ప్రాథమిక తరగతులకు ఇంటర్ తర్వాత చేసే రెండేళ్ల డిప్లొమాయే (డి.ఎడ్.) అందులో ప్రధాన మార్గం. తర్వాత 2018 జూన్ 28న అదే సంస్థ మరో నోటిఫికేషన్ ఇచ్చి, బి.ఎడ్. వాళ్లూ ఐదో తరగతి లోపు పిల్లలకు చెప్పవచ్చనీ, ఉద్యోగంలో చేరిన రెండేళ్లలోపు ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే చాలనీ అంది. దాంతో డి.ఎడ్. చేసినవాళ్ల గుండెల్లో రాయి పడింది. ప్రాథమిక తరగతులు చెప్పే కొద్దిపాటి సెకండరీ గ్రేడ్ టీచర్ (ఎస్జీటీ) పోస్టులకు డిగ్రీ, పీజీ చదివినవాళ్లంతా పోటీకి వచ్చారు. వివాదం రాజస్థాన్ హైకోర్టుకు వెళ్లింది. ఆ కోర్టు 2018 నోటిఫికేషన్‌ను కొట్టేసింది. 2023 ఆగస్టు 11న దేవేశ్ శర్మ కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది.

బి.ఎడ్. నాసిరకం చదువని కోర్టు అనలేదు. చిన్న పిల్లలకు చెప్పే శిక్షణ అందులో లేదంది. ఉచిత నిర్బంధ విద్య హక్కు అంటే బడికి రప్పించడం ఒక్కటే కాదు, నాణ్యమైన చదువు అందించడం కూడా అంది. ఆరేళ్ల పిల్లకు అక్షరం, శబ్దం, అంకె ఎలా అందుతాయో నేర్పే కోర్సు ఒకటి, తొమ్మిదో తరగతి కుర్రాడికి బీజగణితం ఎలా బోధించాలో నేర్పేది ఇంకొకటి. రెండోది వచ్చినంత మాత్రాన మొదటిది వచ్చేసినట్టు కాదు. ఒకటో తరగతిని ఒక్క వారమైనా అదుపులో పెట్టి చూసినవాళ్లెవరూ ఈ తీర్పుతో పేచీ పెట్టుకోరని నా నమ్మకం. తీర్పుకు ముందే ఉద్యోగంలో చేరినవారి పోస్టులకు మాత్రం ఢోకా లేదని 2024లో కోర్టు వివరణ ఇచ్చింది.

తీర్పు వచ్చాక కూడా పాత అలవాటు పోలేదు. 2024 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ 6,100 పోస్టులకు డీఎస్సీ ప్రకటిస్తూ ఎస్జీటీకి బి.ఎడ్. వాళ్లనూ రమ్మంది. హైకోర్టు అడ్డుచెప్పింది. కొన్ని నెలలకు ప్రభుత్వం మారింది, ఆ నోటిఫికేషనే లేకుండా పోయింది. దరఖాస్తు పెట్టుకుని, గైడ్లు కొనుక్కుని, కోచింగ్‌లో కూర్చున్నవాళ్ల సంగతి ఎవరూ లెక్క కట్టలేదు.

ఇందులో ఎన్ని ఉద్యోగాల సంగతి ఇమిడి ఉందో అంకెల్లోనే చూడండి. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులుంటే అందులో 6,508 ఎస్జీటీవి. ఆంధ్రప్రదేశ్ 2025 మెగా డీఎస్సీలో 16,347కు 6,371. అంటే ఒక రాష్ట్రంలో సగానికి పైగా, మరో రాష్ట్రంలో మూడోవంతుకు పైగా పోస్టులు బి.ఎడ్. వాళ్లకు అందనివే.

అపోహ: డి.ఎడ్. అంటే డిగ్రీ సీటు రానివాళ్లు చేసేది.

ఒకప్పుడు టీటీసీ అన్నా, నిన్నమొన్నటిదాకా డి.ఎడ్. అన్నా, ఇప్పుడు డి.ఎల్.ఎడ్. అన్నా కోర్సు అదే. ఇంటర్‌లో 50 శాతం మార్కులు (కొన్ని రిజర్వుడు వర్గాలవారికి 45) తెచ్చుకుని, డీసెట్ రాసి చేరాలి. 1986 జాతీయ విద్యావిధానం ఫలితంగా జిల్లాల్లో ఏర్పడ్డ ప్రభుత్వ శిక్షణ సంస్థల్లో, అంటే డైట్‌లలో, సీటు వస్తే ఫీజు భారం కూడా పెద్దగా ఉండదు. ఇరవై ఏళ్లకల్లా కోర్సు ముగించి, ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్ రాసి, డీఎస్సీకి సిద్ధం కావచ్చు. ఉద్యోగంలో చేరాక డిగ్రీ, ఆపైన బి.ఎడ్. పూర్తిచేసి స్కూల్ అసిస్టెంట్‌గా, అంటే హైస్కూల్ సబ్జెక్టు టీచర్‌గా, పదోన్నతి పొందిన సెకండరీ గ్రేడ్ టీచర్లు ప్రతి మండలంలోనూ ఉంటారు. కుటుంబాన్ని త్వరగా ఆదుకోవాల్సిన పిల్లలకు ఇంతకన్నా దగ్గరి దారి నాకు కనిపించడం లేదు. చిత్రమేమిటంటే, ఇంటర్‌లో మంచి మార్కులొచ్చిన పిల్ల డైట్‌లో చేరతానంటే ఇంట్లోవాళ్లే వద్దంటారు.

అపోహ: ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలు, మిగతాది బి.ఎడ్. చూసుకుంటుంది.

అసలు దెబ్బ తగిలేది ఇక్కడే. బి.ఎడ్. ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌లో ర్యాంకు ఎంత వచ్చినా, ఏ మెథడాలజీలో సీటు అడగవచ్చో నిర్ణయించేది మీ డిగ్రీ సబ్జెక్టులే. తర్వాత డీఎస్సీలో డిగ్రీ సబ్జెక్టు, బి.ఎడ్. మెథడాలజీ రెండూ ఒకే వైపు ఉన్నాయా లేవా అని చూస్తారు. గణితం స్కూల్ అసిస్టెంట్ కావాలంటే డిగ్రీలో గణితం ఒక గ్రూపు సబ్జెక్టుగా ఉండాలి, బి.ఎడ్.లో గణితం మెథడాలజీ ఉండాలి. బయాలజీకి బోటనీ, జువాలజీ లాంటి సబ్జెక్టులతో పాటు జీవశాస్త్ర మెథడాలజీ కావాలి. ఒకటి ఉండి ఒకటి లేకపోతే సర్టిఫికెట్ల పరిశీలన రోజు టేబుల్ దగ్గరే ఆగిపోతారు.

తెలుగు పండితులు కావాలనుకునేవారు ఇక్కడే తరచూ పొరబడతారు. డిగ్రీలో అందరితో పాటు సెకండ్ లాంగ్వేజ్‌గా తెలుగు చదివినంత మాత్రాన తెలుగు స్కూల్ అసిస్టెంట్‌కు అర్హత రాదు. తెలుగు ఆప్షనల్ సబ్జెక్టుగా ఉన్న డిగ్రీ గానీ, ఓరియంటల్ లాంగ్వేజ్ డిగ్రీ గానీ, తెలుగు ఎం.ఏ. గానీ ఉండాలి. దానికి తెలుగు మెథడాలజీతో బి.ఎడ్. లేదా తెలుగు పండిట్ శిక్షణ తోడవ్వాలి. బి.కామ్., బి.ఎస్సీ. చదివి తర్వాత తెలుగు ఎం.ఏ. చేసి ఈ దారిలోకి వచ్చినవాళ్లున్నారు. కాబట్టి దారి మూసుకుపోదు, చుట్టూ తిరిగి రావాల్సి వస్తుంది, అంతే.

ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి డిగ్రీలో సింగిల్ మేజర్ విధానం వచ్చింది. పాత బీజెడ్‌సీ, ఎంపీసీల్లో మూడు సబ్జెక్టులూ సమానంగా ఉండేవి గనుక ఇబ్బంది తెలిసేది కాదు. ఇప్పుడు మైనర్ సబ్జెక్టు ఎంచుకునే రోజునే పాత డీఎస్సీ నోటిఫికేషన్ ఒకటి తీసి, అర్హతల పేజీ చదవడం మంచిది. కాలేజీలో అడ్మిషన్ కౌంటర్ దగ్గర ఈ మాట చెప్పేవారు దాదాపు ఉండరు.

ఇంజనీర్ల సంగతీ ఇంతే. బి.టెక్.లో 55 శాతం మార్కులున్నవారికి బి.ఎడ్. తలుపు తెరిచే ఉందని ఎన్‌సీటీఈ 2014 నిబంధనల్లోనే ఉంది. కానీ బి.ఎడ్.లో చేరే అర్హత వేరు, పోస్టుకు అర్హత వేరు. రెండోది ఆయా నోటిఫికేషన్‌లో చూసుకున్నాకే ఫీజు కట్టాలి.

అపోహ: ఇంటర్ కాగానే నేరుగా బి.ఎడ్. చేసే వీలు మన దేశంలో లేదు.

అరవై ఏళ్లుగా ఉంది. మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థ 1963లో మొదలైంది. డిగ్రీ, బి.ఎడ్. కలిపి నాలుగేళ్లలో ముగించే బి.ఎస్సీ.ఎడ్. లాంటి కోర్సులకు అది పెట్టింది పేరు. దక్షిణాది రాష్ట్రాలకు అది కేంద్రం. అక్కడ చదివి వచ్చిన తెలుగువాళ్లు కేంద్రీయ విద్యాలయాల్లో, నవోదయల్లో చాలామందే ఉన్నా మన ఇంటర్ కాలేజీల్లో ఆ పేరు ఎత్తేవారు తక్కువ. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో 1994 నుంచి బి.ఎల్.ఎడ్. అనే నాలుగేళ్ల కోర్సు నడిచింది. ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా చెల్లే అర్హతగా ఎన్‌సీటీఈ దాన్ని గుర్తించింది.

ఈ ఆలోచననే ఇప్పుడు ఐటెప్ (సమీకృత ఉపాధ్యాయ విద్యా కార్యక్రమం) పేరుతో దేశమంతటా తెస్తున్నారు. 2023-24లో 57 సంస్థల్లో ప్రయోగాత్మకంగా మొదలైంది. వరంగల్ ఎన్‌ఐటీ, హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఈ కోర్సు నడిపే సంస్థల్లో ఉన్నాయి. ఇంటర్ తర్వాత ఎన్‌సెట్ అనే జాతీయ పరీక్ష రాయాలి. బి.ఏ., బి.ఎస్సీ., బి.కామ్. దేనితోనైనా బి.ఎడ్. కలిసి వస్తుంది, మామూలు దారిలో పట్టే ఐదేళ్లలో ఒకటి మిగులుతుంది. పునాది దశ నుంచి సెకండరీ దశ దాకా నాలుగు దశల్లో దేనికి శిక్షణ కావాలో ఎంచుకోవాలి. తిరిగి తిరిగి మళ్లీ అదే ప్రశ్న: ఏ తరగతికి?

దీని వెనకే ఇంకో పుకారు బయలుదేరింది. 2030 తర్వాత ఐటెప్ తప్ప మరేదీ చెల్లదట, రెండేళ్ల బి.ఎడ్. చిత్తు కాగితమట. 2020 జాతీయ విద్యావిధానం 2030 నాటికి నాలుగేళ్ల సమీకృత బి.ఎడ్.ను కనీస అర్హతగా చేయాలన్నది నిజమే. అదే పత్రం, ఇప్పటికే డిగ్రీ ఉన్నవారికి రెండేళ్ల బి.ఎడ్., నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవారికి ఏడాది బి.ఎడ్. నడపవచ్చని కూడా రాసింది. ముందు వాక్యం చదివి తర్వాతిది వదిలేసినందువల్ల పుట్టిన పుకారు ఇది. ఏడాది బి.ఎడ్. మీద ఎన్‌సీటీఈ 2025లో ముసాయిదా విడుదల చేయగానే ‘రెండేళ్ల కోర్సులో చేరకండి, ఆగండి’ అని వాట్సాప్‌లో సలహాలు మొదలయ్యాయి. ముసాయిదాను నమ్ముకుని సంవత్సరం ఖాళీగా కూర్చోమనడం కన్నా అన్యాయమైన సలహా ఉండదు.

అపోహ: ఓపెన్ డిగ్రీ పనికిరాదు; బి.ఎడ్. మాత్రం కాలేజీకి పోకుండా కానిచ్చేయొచ్చు.

రెండూ తలకిందులు. హైదరాబాద్‌లోని అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మొదలైన దేశపు తొలి ఓపెన్ యూనివర్సిటీ. అక్కడి డిగ్రీతో బి.ఎడ్.లో చేరవచ్చు, టీచర్ కావచ్చు. సబ్జెక్టులు సరిపోవాలి, అంతే.

బి.ఎడ్. సంగతి వేరు. 2015-16 నుంచి అది రెండేళ్ల కోర్సయింది. తరగతులకు 80 శాతం, బడిలో చేసే ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలని నిబంధన. ‘నాన్ అటెండింగ్’ అని చెవిలో చెప్పి సీట్లమ్మే దళారులు ఉన్నారని అందరికీ తెలుసు. ఇరుగుపొరుగు రాష్ట్రాల నుంచి కూడా వాళ్ల దగ్గరికి జనం వస్తారు. పాఠం చెప్పడం నేర్పే కోర్సుకు హాజరు కాకుండా సర్టిఫికెట్ తీసుకోవడమేమిటో నాకు అర్థం కాదు. ఈత నేర్చుకోవడానికి మన బదులు ఇంకొకరిని పంపినట్టుంటుంది. ఇగ్నో బి.ఎడ్. గురించి అడిగేవారికి ఒక మాట: అది కొత్తవారి కోసం పెట్టింది కాదు. ఉద్యోగంలో ఉన్న శిక్షిత టీచర్లకూ, ముందే రెగ్యులర్‌గా ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేసినవారికీ మాత్రమే.

కాలేజీకి విశ్వవిద్యాలయ గుర్తింపు ఉన్నా సరిపోదు. ఎన్‌సీటీఈ గుర్తింపు కోర్సు వారీగా ఉంటుంది. అది లేనిచోట తెచ్చుకున్న పట్టా ప్రభుత్వ, ఎయిడెడ్ ఉద్యోగాలకు చెల్లదని ఎన్‌సీటీఈ చట్టమే చెబుతోంది.

అపోహ: టెట్ గడువు ఏడేళ్లకు తీరిపోతుంది. ఉద్యోగంలో ఉన్నవాళ్లకు దాంతో పనిలేదు.

ఏడేళ్ల గడువు 2021లోనే పోయింది. 2011 నుంచి రాసినవారందరికీ టెట్ జీవితకాలం చెల్లుతుంది. 150 మార్కులకు జనరల్ అభ్యర్థులకు 90 రావాలి, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీలకు 60. గట్టెక్కినంత మాత్రాన ఆపేయకండి. డీఎస్సీ ర్యాంకులో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది, అందుకే పాసైనవాళ్లు కూడా మళ్లీ మళ్లీ రాస్తుంటారు.

అపోహలోని రెండో సగం 2025 సెప్టెంబరు 1 దాకా చాలామంది నిజమే అనుకున్నారు. ఆ రోజు సుప్రీంకోర్టు, పదవీ విరమణకు ఐదేళ్లకు మించి సర్వీసు ఉన్న టీచర్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలని తీర్పునిచ్చింది. ఐదేళ్లలోపు ఉన్నవారు కొనసాగవచ్చు గానీ టెట్ లేకుండా పదోన్నతి దొరకదు. దాంతో పాతికేళ్ల సీనియర్లు పిల్లల మానసిక శాస్త్రం పుస్తకాలు మళ్లీ తిరగేస్తున్నారు.

అపోహ: ప్రైవేటు బడికి ఇవేవీ అక్కర్లేదు.

విద్యాహక్కు చట్టంలోని కనీస అర్హతలు ప్రైవేటు బడులకూ వర్తిస్తాయి. చట్టం అమలు కాకపోవడాన్ని చూసి చట్టమే లేదనుకుంటున్నాం. సీబీఎస్‌ఈ బడుల్లో హైస్కూల్ తరగతులకు చెప్పాలంటే బి.ఎడ్. ముందే అడుగుతారు. పదకొండు, పన్నెండు తరగతులకైతే పీజీ కూడా ఉండాలి.

చివరగా, ఎవరూ అపోహ కూడా పెట్టుకోని కోర్సు ఒకటుంది, ఎందుకంటే దాని పేరే చాలామంది వినలేదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చెప్పే స్పెషల్ ఎడ్యుకేషన్ డిప్లొమా, బి.ఎడ్.లను భారత పునరావాస మండలి గుర్తించాలి, చదివినవారు ఆ మండలి రిజిస్టర్‌లో పేరు నమోదు చేసుకోవాలి. తెలంగాణ 2024 డీఎస్సీలో ఈ విభాగానికి 796 ఎస్జీటీ, 220 స్కూల్ అసిస్టెంట్ పోస్టులు వచ్చాయి. మామూలు బి.ఎడ్.తో వీటికి దరఖాస్తు చేయలేరు.