మే నెల ఎండను తట్టుకునే మదర్‌బోర్డు

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఏ షెడ్డులోని మోటారును చూసినా దాని ఒంటికి ఒక చిన్న రేకు బిళ్ళ ఉంటుంది. హార్స్‌పవర్, వోల్టేజీ, ఆర్‌పీఎంతో పాటు దాని మీద ఒక ఉష్ణోగ్రత కూడా గుద్ది ఉంటుంది: 40 గానీ 45 గానీ 50 గానీ. చుట్టూ ఉన్న గాలి అంతకంటే వేడెక్కనంత వరకే ఆ మోటారు తన మీద రాసి ఉన్న హార్స్‌పవర్ ఇస్తుంది. వేడి అది దాటితే లోడు తగ్గించాలి. మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్లకు ఇది రోజువారీ సంగతి. అదే ఎలక్ట్రీషియన్ కొడుకో కూతురో సొంతంగా డెస్క్‌టాప్ కట్టుకోవాలని మదర్‌బోర్డు కొనబోతే, ఆ పెట్టె మీద అలాంటి అంకె ఎక్కడా కనిపించదు. గేమింగ్, ఓవర్‌క్లాకింగ్ అన్న మాటలు మాత్రం పెద్దక్షరాల్లో ఉంటాయి. ప్రాసెసర్‌ను గానీ మెమరీని గానీ తయారీదారు ఖరారు చేసిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడపడమే ఓవర్‌క్లాకింగ్. ఆ అదనపు వేగానికి అదనపు కరెంటు కావాలి, దాన్ని అందించాల్సింది మదర్‌బోర్డు. అందుకే సంగారెడ్డి జిల్లాలో బోర్డు కొనేవాళ్ళు అది మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు ఎలా నడుస్తుందో లెక్క కట్టి కొనాలని, ఆ లెక్కలో ఓవర్‌క్లాకింగ్‌కు మిగిలే చోటు చాలా తక్కువని నా గట్టి నమ్మకం.

ఈ చుట్టుపక్కల సొంతంగా కంప్యూటరు కట్టుకునేవాళ్ళు తక్కువేమీ కాదు. కందిలో ఐఐటీ, రుద్రారంలో గీతం విశ్వవిద్యాలయం ఉన్నాయి. పాశమైలారం, బొల్లారం వైపు చిన్న ఫ్యాబ్రికేషన్ షాపుల్లో డ్రాయింగులు గీసే పని ఉంది. విడిభాగాలు ఆన్‌లైన్లోనో, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో కొంటారు. ముందు గ్రాఫిక్స్ కార్డు, తర్వాత ప్రాసెసర్, చివరికి చేతిలో మిగిలిన డబ్బుల్లో ఏదో ఒక బోర్డు అన్నట్టు సాగుతుంది బేరం. బోర్డు వల్ల వేగం పెరగదన్న మాట నిజమే కాబట్టి దాన్ని చివరికి నెడతారు. కానీ తక్కిన భాగాలన్నీ ఎంతకాలం, ఏ వేడిలో, ఏ వోల్టేజీతో బతకాలో తేల్చేది అదే.

బోర్డును చేతిలోకి తీసుకుని ప్రాసెసర్ కూర్చునే సాకెట్ చుట్టూ చూడండి. ఎడమ పక్కన, పైన, వరసగా చిన్న నల్లని ఘనాలు కనిపిస్తాయి. అవి చోకులు. వాటి పక్కన పొట్టి డబ్బాల్లా ఉన్నవి కెపాసిటర్లు. ఇంకాస్త అంచు వైపు, అల్యూమినియం హీట్‌సింక్ కింద దాక్కున్న చదునైన చిప్పులు మాస్‌ఫెట్లు. ఈ మూడూ కలిసిన భాగాన్ని వీఆర్‌ఎం అంటారు. ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) నుంచి వచ్చే 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావలసిన ఒకటింపావు వోల్టుకు అటూ ఇటూగా దించడం దాని పని. వోల్టేజీ దిగినకొద్దీ కరెంటు పెరుగుతుంది. ఇంటెల్ కోర్ ఐ9-14900కె ప్రాసెసర్ పూర్తి లోడు మీద 253 వాట్ల దాకా తీసుకుంటుంది. 1.3 వోల్టుల దగ్గర అది దాదాపు 195 ఆంపియర్లు. అరచేతిలో పట్టేంత జాగాలోంచి అంత కరెంటు పారుతుంది. వీఆర్‌ఎం నూటికి 90 వంతుల సామర్థ్యంతో పనిచేసినా తక్కిన పదో వంతు, అంటే 25 వాట్లకు పైగా, అక్కడే వేడిగా మారుతుంది. రిపేరు షాపులో వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ కూడా 25 వాట్లదే. దాన్ని సాకెట్ పక్కన ఆన్ చేసి గంటల తరబడి వదిలేసినంత వేడి అది. హీట్‌సింక్ అంగుళం మందం ఉందా, రేకు ముక్కలా ఉందా, అసలు లేదా అన్న ప్రశ్న అందుకే ముఖ్యం. చవక బోర్డుల్లో చాలావాటికి అది ఉండనే ఉండదు.

ఇప్పుడు వాతావరణాన్ని ఈ లెక్కలోకి తెద్దాం. మదర్‌బోర్డు సమీక్షలు దాదాపు అన్నీ 22 నుంచి 25 డిగ్రీల గదుల్లో జరుగుతాయి. అక్కడ వీఆర్‌ఎం 85 డిగ్రీలు చూపిందంటే గది కంటే 60 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందని అర్థం. ఆ 60 ఇక్కడా దాదాపు అంతే ఉంటుంది, మారేది దాని కిందున్న పునాది. మే నెలలో సంగారెడ్డిలో బయట 42 డిగ్రీలుండటం కొత్త కాదు. పై అంతస్తు స్లాబు కింది గదిలో సాయంత్రానికి కూడా ఆ వేడి దిగదు. 42కు 60 కలిపితే 102. మాస్‌ఫెట్లు దాన్ని తట్టుకుంటాయి. పక్కనున్న కెపాసిటర్ల ఆయుష్షు మాత్రం వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా దాదాపు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్‌లో పాతకాలం నుంచీ ఉన్న సూత్రం. ప్రాసెసర్‌దీ ఇదే కథ. 14900కె వంటి ఇంటెల్ పెద్ద చిప్పులు 100 డిగ్రీలకు, రైజెన్ 7000 శ్రేణిలో చాలావి 95 డిగ్రీలకు చేరగానే తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. డిసెంబరు చలిలో సాధించిన ఓవర్‌క్లాక్ మే నెలలో ఏ హెచ్చరికా లేకుండా మాయమవుతుంది. డబ్బు మాత్రం రెండు కాలాలకూ కలిపి ఖర్చయిపోయింది.

ఓవర్‌క్లాకింగ్‌కు ఇంత పేరు ఊరికే రాలేదు. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఎ అనే చవక ప్రాసెసర్ తెచ్చింది. దాని వేగం 300 మెగాహెర్ట్జ్. బోర్డు మీద బస్ వేగాన్ని 66 నుంచి 100కు మారిస్తే అది 450 మెగాహెర్ట్జ్‌తో నడిచేది. అప్పట్లో ఇంటెల్ అమ్ముతున్న అత్యంత వేగవంతమైన పెంటియం-2 వేగం కూడా 450. పేద విద్యార్థికి అది నిజంగానే వరం, మంచి బోర్డుకు అప్పుడు పెట్టిన ప్రతి రూపాయికీ ఫలితం దక్కింది. ఆ ఒకటిన్నర రెట్ల మిగులు ఇప్పుడు ఏ చిప్పులోనూ లేదు, ఎందుకంటే దాన్ని ఫ్యాక్టరీలోనే పిండేసి అమ్ముతున్నారు. 14900కె 6 గిగాహెర్ట్జ్ దాకా తనంతట తానే వెళ్తుంది. అదీ చిప్పు 70 డిగ్రీల లోపు ఉన్నప్పుడే. అంటే వేసవిలో మన గదుల్లో కంపెనీ చెప్పిన వేగమే పూర్తిగా అందదు, దాని మీద ఇంకా పెంచడం సంగతి తర్వాత. ఇక పెంచినందుకు కట్టే మూల్యం ఇలా ఉంటుంది. ప్రాసెసర్ తినే విద్యుత్తు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీ వర్గంతో పాటు కూడా పెరుగుతుంది. వేగం 5 శాతం పెంచడానికి వోల్టేజీ 10 శాతం పెంచాల్సి వస్తే వాట్లు 27 శాతం పెరుగుతాయి. తిరగేసి చూస్తే ఇదే సూత్రం మనకు మేలు చేస్తుంది. వేగం 5 శాతం వదులుకుని వోల్టేజీ 8 శాతం తగ్గిస్తే వాట్లు దాదాపు 20 శాతం తగ్గుతాయి. ఆటలో గానీ డ్రాయింగులో గానీ ఆ 5 శాతం కంటికి ఆనదు. తగ్గిన వేడి మాత్రం ఫ్యాను చప్పుడులోనే తెలిసిపోతుంది.

డబ్బు లేనివాళ్ళకే కదా ఓవర్‌క్లాకింగ్ అవసరం అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. కానీ ఇంటెల్‌లో వేగం పెంచుకోవాలంటే పేరు చివర కె ఉన్న ప్రాసెసర్ కొనాలి, దానికి జెడ్ చిప్‌సెట్ బోర్డు కావాలి, ఆపైన పెద్ద కూలర్, బలమైన ఎస్‌ఎంపీఎస్. ఈ నాలుగింటికి అదనంగా పెట్టే డబ్బును కలిపితే, బి చిప్‌సెట్ బోర్డుతో ఒక మెట్టు పైనున్న ప్రాసెసర్‌నో గ్రాఫిక్స్ కార్డునో తీసుకోవచ్చు. ఏఎమ్‌డీ ఈ విషయంలో ఉదారంగా ఉంది. బి650 వంటి మధ్యతరగతి బోర్డుల్లో కూడా వేగం మార్చుకోనిస్తుంది, ఎ620 వంటి కింది బోర్డుల్లోనే ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ ఉండదు. అయినా రైజెన్ 5 7600 లాంటి చిప్పు 88 వాట్లకు మించి తీసుకోదు. దానికి ఓ మాదిరి బి650 బోర్డు చాలు. 16 ఫేజుల (కరెంటును పంచుకునే విభాగాల) వీఆర్‌ఎం ఉన్న బోర్డు కొనమని నేను చెప్పడం లేదు. ప్రాసెసర్ గరిష్ఠంగా ఎన్ని వాట్లు లాగుతుందో చూసి, ఆ లోడుకు మన వేడిలో సరిపడే హీట్‌సింక్ ఉన్న బోర్డు కొనమంటున్నాను.

కంపెనీలు అన్నీ పరీక్షించే కదా అమ్ముతాయి, డీఫాల్ట్ సెట్టింగులు వదిలేస్తే చాలదా అన్నది మరో ప్రశ్న. గత కొన్నేళ్ళలో జరిగింది చూస్తే చాలదనే అనాలి. 2023 ఏప్రిల్‌లో రైజెన్ 7000ఎక్స్3డి ప్రాసెసర్లు కొన్ని సాకెట్‌లోనే మాడిపోయాయి. మెమరీ వేగం పెంచే ఎక్స్‌పో ప్రొఫైల్ ఆన్ చేసినప్పుడు కొన్ని బోర్డులు ఎస్ఓసీ వోల్టేజీని (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ వంటి భాగాలకు వెళ్ళే వోల్టేజీని) అతిగా ఎక్కించడం అందుకు ఒక కారణం. ఏఎమ్‌డీ ఆ తర్వాత కొత్త బయోస్‌ల (బోర్డును నడిపే మూల సాఫ్ట్‌వేర్) ద్వారా దానికి 1.3 వోల్టుల హద్దు గీసింది. 2024లో ఇంటెల్ 13, 14వ తరం చిప్పుల వంతు వచ్చింది. చిప్పు లోపలి ప్రోగ్రామైన మైక్రోకోడ్ అవసరానికి మించి వోల్టేజీ అడగడం వల్ల అవి క్రమంగా దెబ్బతింటున్నాయని ఇంటెల్ ఒప్పుకుంది. బోర్డు తయారీదారులు తన విద్యుత్ పరిమితులను దాటించడాన్ని కూడా కారణాల్లో ఒకటిగా చెప్పింది. పోటీలో నాలుగు మార్కులు ఎక్కువ తెచ్చుకోవడానికి బోర్డు కంపెనీలు పరిమితులను ఎత్తేసి అమ్మితే, ఆ భారం కొన్నవాళ్ళ మీద పడింది. మనం వేలు పెట్టకపోయినా మన బోర్డు ఓవర్‌క్లాక్ అయి ఉండవచ్చన్నమాట. కొన్న రోజే బయోస్‌లోకి వెళ్ళి పవర్ లిమిట్ ఎంతుందో చూడటం అందుకే అవసరం.

ఏసీ ఉందిగా అనేవాళ్ళకు నా వాదన కొంత వర్తించదు, నిజమే. రాత్రి పూట ఏసీ గదిలో మాత్రమే వాడేవాళ్ళు కొంచెం చొరవ చేయొచ్చు. పగలు ఏసీ వేయకుండా రెండర్ పెట్టి బయటికి వెళ్ళేవాళ్ళు మాత్రం పగటి లెక్కే వేసుకోవాలి. ఇక్కడ కూలర్ గురించి ఒక మాట. లిక్విడ్ కూలర్ ప్రాసెసర్‌ను బాగానే చల్లబరుస్తుంది కానీ సాకెట్ చుట్టూ గాలి ఆడించదు. ప్రాసెసర్ మీద ఫ్యాను కూర్చునే మామూలు ఎయిర్ కూలర్ అయితే దాని గాలి వీఆర్‌ఎంకు కూడా తగులుతుంది. ఎండ ప్రాంతంలో ఈ తేడా చిన్నది కాదు.

వేగం పెంచి నిజంగా లాభపడే చోటు ఒకటుంది, అది మెమరీ. ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో ప్రొఫైళ్ళు కూడా ఓవర్‌క్లాకింగే అయినా వాటికయ్యే వాట్లు స్వల్పం, ఫలితం ఆటల్లో కనిపిస్తుంది. రైజెన్‌లో ఎస్ఓసీ వోల్టేజీ 1.3 దాటకుండా చూసుకుంటే చాలు. రెండు ర్యామ్‌లతోనే సరిపెట్టుకోండి. రైజెన్ 7000కు ఏఎమ్‌డీ అధికారికంగా చెప్పే డీడీఆర్5 వేగం రెండు ర్యామ్‌లతో 5200. నాలుగు పెడితే అది 3600కు పడిపోతుంది. నాలుగు స్లాట్లున్న బోర్డుకు ఎక్కువ డబ్బు పెట్టేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఇక ప్రాసెసర్‌కు రైజెన్‌లో కర్వ్ ఆప్టిమైజర్ ద్వారా వోల్టేజీ కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ, ప్రతి మెట్టు దగ్గరా స్ట్రెస్ టెస్ట్ నడిపి చూడాలి. ఆ పరీక్ష ఎండాకాలం మధ్యాహ్నం చేస్తేనే దానికి విలువ. చలికాలంలో చేసేవాళ్ళు 15, 20 డిగ్రీల వెసులుబాటు వదిలిపెట్టాలి.

ఈ ప్రాంతపు గాలి గురించి చెప్పకుండా దాటవేయలేం. ముంబై హైవే దుమ్ము హీట్‌సింక్ రెక్కల మధ్య పేరుకుంటే ఎంత మంచి వీఆర్‌ఎం అయినా ఉడికిపోతుంది, కాబట్టి క్యాబినెట్ ముందు వైపు ఫ్యాన్లకు జాలీ ఫిల్టరు, నెలకోసారి బ్లోయర్ తప్పనిసరి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో పటాన్‌చెరు-బొల్లారం పేరు చేర్చింది. రసాయన వ్యర్థాలు కుళ్ళిన చోట పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ బోర్డు మీది రాగిని, వెండిపూతను తినేస్తుంది. అలా ఏర్పడిన కాపర్ సల్ఫైడ్ మెల్లగా పాకి పక్క గీతను తాకితే షార్ట్ అవుతుంది. తేమ తోడైతే అది ఇంకా త్వరగా జరుగుతుంది. నాలా వైపు కిటికీ పక్కన క్యాబినెట్ పెట్టకపోవడం, వానాకాలంలో రోజుకు కాసేపైనా కంప్యూటరు ఆన్ చేసి లోపలి తేమ ఆరనివ్వడం ఖర్చు లేని జాగ్రత్తలు.

చివరగా కరెంటు కోతలు. బయోస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు మళ్ళీ లేవకపోవచ్చు. పైన చెప్పిన రెండు ఉదంతాలకూ మందు బయోస్ అప్‌డేటే కాబట్టి దాన్ని తప్పించుకోలేం. వెనుక పోర్టుల దగ్గర బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డు అయితే, పెన్‌డ్రైవ్ పెట్టి ఆ బటన్ నొక్కి దాన్ని తిరిగి బతికించుకోవచ్చు. నా లెక్కలో రంగురంగుల లైట్ల కంటే ఈ బటన్‌కు డబ్బు పెట్టడం మేలు. సెకండ్‌హ్యాండ్‌లో 13, 14వ తరం ఇంటెల్ కె ప్రాసెసర్ కొనేవాళ్ళు బోర్డు బయోస్‌లో 0ఎక్స్12బి లేదా ఆ తర్వాతి మైక్రోకోడ్ ఉందో లేదో ముందే చూసుకోవాలి, అమ్మేవాళ్ళ దగ్గర బిల్లు అడిగి తీసుకోవాలి. ఆ చిప్పులకు ఇంటెల్ వారంటీని మరో రెండేళ్ళు పొడిగించింది, క్లెయిమ్ చేసుకునే రోజు వస్తే ఆ బిల్లు చేతిలో ఉండాలి.