విద్యుత్తు ఎచ్చట నిలిచినది?

కృష్ణానది పులిగడ్డ కడ రెండు పాయలుగా చీలి సముద్రమువైపు సాగును. ఆ పాయల నడుమ నున్న నేలయే దివిసీమ. 1957లో పూర్తియైన విజయవాడ ప్రకాశం బ్యారేజి కడ బయలుదేరిన సాగునీరు కాలువల వెంట వచ్చి, పులిగడ్డ అక్విడక్టు మీదుగా నదీపాయను దాటి దివిసీమ పొలములకు చేరుచున్నది. శివారు పొలమునకు నీరు రానప్పుడు అనుభవజ్ఞుడైన రైతు పొలమును నిందింపడు. పార భుజాన వేసికొని బోదె గట్టున నడచుచు, తూము మూసియున్నదా, గట్టు తెగినదా, కాలువలో గుర్రపుడెక్క అడ్డుపడినదా అని ఒక్కొక్క చోటు చూచును. నీరు ఎంతవరకు వచ్చి ఎచ్చట నిలిచినదో తెలిసిన పిమ్మటనే పనికి పూనుకొనును.

ల్యాప్‌టాప్ బ్యాటరీకి చార్జింగు ఎక్కనప్పుడు చేయవలసిన పరీక్షయు ఇట్టిదే. విద్యుత్తు గోడలోని సాకెట్ నుండి చార్జరునకును, అందుండి తీగ ద్వారా ల్యాప్‌టాప్ ప్రక్కనున్న రంధ్రమునకును, అచ్చటినుండి లోపలి మదర్‌బోర్డునకును, తుదకు బ్యాటరీకిని చేరును. ఈ త్రోవలో ఎచ్చట ఆటంకము కలిగినను బ్యాటరీ నిండదు. అయినను పెక్కుమంది మొట్టమొదట బ్యాటరీనే అనుమానింతురు. గుడివాడలోనో మచిలీపట్నములోనో చదువుకొనుచు, సెలవులకు దివిసీమలోని స్వగ్రామమునకు వచ్చిన విద్యార్థికి ఇట్టి చిక్కు కలుగవచ్చును. అతడు తొందరపడి క్రొత్త బ్యాటరీ కొన్నచో వేల రూపాయలు ఖర్చగును. దోషము తీగలో నున్నచో తల్లిదండ్రులు కష్టించి కూర్చిన ఆ సొమ్మంతయు వ్యర్థమే.

త్రోవ మధ్యనుండి పరీక్ష ప్రారంభించుట సులభము. పులిగడ్డకడ నీరున్నచో లోపము దిగువను, లేనిచో ఎగువను ఉన్నట్లు తెలియును గదా! అట్లే చార్జరు తగిలించినంతనే ల్యాప్‌టాప్ చక్కగా పనిచేయుచు, తెరమీద ప్లగ్గు గుర్తు కనబడుచు, బ్యాటరీ శాతము మాత్రము పెరుగనిచో, విద్యుత్తు ల్యాప్‌టాప్ వరకు వచ్చుచున్నదని గ్రహింపవలెను. ఆ గుర్తే కనబడనిచో సాధారణముగా లోపము గోడకును ల్యాప్‌టాప్‌నకును నడుమ నుండును.

విద్యుత్తు ల్యాప్‌టాప్ వరకు రానప్పుడు మొదట అదే సాకెట్‌లో వేరొక దీపమునో ఫోనునో పెట్టి చూడవలెను. అవి పనిచేసినచో సాకెట్ మంచిదే. తరువాత చార్జరును చూడవలెను. మన ఇండ్లకు వచ్చు 230 వోల్టుల విద్యుత్తును చార్జరు సుమారు 20 వోల్టులకు తగ్గించి, ఒకే దిశలో ప్రవహించునట్లు మార్చి ల్యాప్‌టాప్‌నకు అందించును. 20 వోల్టులను 3.25 ఆంపియర్లతో గుణించినచో 65 వాట్లు వచ్చును. 65 వాట్లు కోరు యంత్రమునకు 20 వాట్ల ఫోను చార్జరు తగిలించినచో చార్జింగు మిక్కిలి మెల్లగా ఎక్కును, లేదా అసలే ఎక్కదు. కావున అదే రకపు, అన్నే వోల్టుల, తగినన్ని వాట్ల మరియొక చార్జరును మిత్రునియొద్ద తెచ్చి పరీక్షింపవలెను. ఒక్కొక్క మారు ఒక్క వస్తువునే మార్చుట ముఖ్యము. రెండింటిని ఒక్కసారే మార్చినచో దోషము దేనిదో తెలియదు.

చార్జరును తీగయును మంచివైనచో రంధ్రమును చూడవలెను. మచిలీపట్నము, నాగాయలంక, కోడూరు ప్రాంతములలో సముద్రపు గాలి ఉప్పును తేమను మోసికొని వచ్చును. ఆ గాలి తగిలిన ఇత్తడి పాత్రకు చిలుము పట్టునట్లే, విద్యుత్తును చేరవేయు లోహపు ముక్కలును క్రమముగా చెడవచ్చును. దుమ్ము చేరినను విద్యుత్తు సరిగా పారదు. యంత్రమును ఆపి, చార్జరును తీసి, పొడి మెత్తని బ్రష్షుతో రంధ్రమును శుభ్రపరుపవలెను. నీరు గాని, సూది వంటి లోహపు పుల్ల గాని వాడరాదు.

విద్యుత్తు లోపలికి వచ్చుచున్నను బ్యాటరీ నిండకుండుటకు మూడు నిర్దోషమైన కారణములు కలవు. బ్యాటరీ ఆయువు పెరుగుటకై కొన్ని ల్యాప్‌టాప్‌లలో 80 శాతము కడ చార్జింగును ఆపు ఏర్పాటు ఉండును. అది రోగము కాదు, రక్షణ. రెండవది వేడి. రోహిణీకార్తె ఎండలలో మంచముపై పరుపుమీద పెట్టి వాడినచో గాలి ఆడక యంత్రము వేడెక్కును. అప్పుడు లోపలి రక్షణ వ్యవస్థ చార్జింగును నిలుపును. నీడలో బల్లమీద ఉంచి చల్లారనిచ్చినచో మరల ఎక్కును. మూడవది, ఆ వ్యవస్థ తాత్కాలికముగా తికమక పడుట. యంత్రమును పూర్తిగా ఆపి, చార్జరును తీసి, పవర్ బటనును సుమారు 30 సెకనులు అదిమి పట్టి, తరువాత చార్జరును తగిలించినచో పెక్కు యంత్రములలో ఇది సరియగును.

ఇవన్నియు చూచిన తరువాతనే బ్యాటరీ వంతు వచ్చును. నేటి ల్యాప్‌టాప్‌లలో నున్నవి లిథియం అయాన్ బ్యాటరీలు. ఇవి 1991లో తొలిసారి విపణిలోనికి వచ్చినవి. వీని నిర్మాణమునకు దారితీసిన కృషికి గాను గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అను మువ్వురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది. చార్జింగు ఎక్కునపుడు లిథియం అయానులు ధనధ్రువము నుండి ఋణధ్రువములోని గ్రాఫైటు పొరలలోనికి చేరును. వాడునపుడు తిరిగి వచ్చును. వందల మారులు ఇట్లు రాకపోకలు జరుగగా నిలువ శక్తి తగ్గును. క్రొత్తగా నున్నప్పుడు 50 వాట్-గంటల శక్తిని నిలిపిన బ్యాటరీ ఇప్పుడు 30 మాత్రమే నిలుపుచున్నచో, దాని సామర్థ్యము 60 శాతమునకు దిగినదన్నమాట. విండోస్ వంటి వ్యవస్థలు సిద్ధపరుచు బ్యాటరీ నివేదికలో ఈ రెండంకెలును కనబడును.

ఒక్క సందర్భమున మాత్రము ఈ పరీక్షలేవియు చేయరాదు. బ్యాటరీ ఉబ్బినచో టచ్‌ప్యాడు పైకి లేచును. మూత సరిగా పడదు. లోపల వాయువు చేరినదనుటకు అది గుర్తు. అట్టి బ్యాటరీని నొక్కినను, పొడిచినను, మరల చార్జింగు పెట్టినను నిప్పంటుకొనవచ్చును. వెంటనే చార్జరును తీసి, యంత్రమును ఆపి, మండెడి వస్తువులకు దూరముగా నుంచి, పెద్దలకు తెలిపి, నిపుణునికి అప్పగింపవలెను. పాత బ్యాటరీని చెత్తకుప్పలోగాని కాలువలోగాని పారవేయరాదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమములు వానిని తిరిగి సేకరించు బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచినవి.

నీరు నిలిచిన చోటు తెలియక గట్టు త్రవ్వినచో ఉన్న నీరును పోవును. విద్యుత్తు విషయమునను అంతే. వరుసగా వెదకువానికి తరచుగా చిన్న తీగతోనే పని తీరును. బ్యాటరీయే చెడినదని తేలినను, ఆ సొమ్ము ఏల వెచ్చింపవలెనో అతడు ఇంటివారికి నిదర్శనముతో చెప్పగలడు.