రక్తపోటు మాత్ర – ఎముకల్లో సున్నం

మన కర్నూలు, కడప ఇండ్లలో వంటగట్టుకు నల్లని కడప రాయి పరుస్తాము కదా! దానిమీద నిమ్మరసం పడితే మచ్చ పడుతుంది. అది సున్నపురాయి గనుక. ఆ సున్నంలోని కాల్షియమే రాగిసంగటిలోనూ, పాలలోనూ, మన ఎముకల్లోనూ ఉంది. ఈ కాల్షియం పేరే మా యింట్లో గొడవ తెచ్చింది.

మా అత్తగారికి రక్తపోటుకని డాక్టరుగారు అమ్లోడిపిన్ మాత్ర రాశారు. ఆవిడ చడీచప్పుడు లేకుండా మానేశారు. నెల తరువాత చూపిస్తే పోటు 190 మీద 110! తలనొప్పీ లేదు, కండ్లు తిరగడమూ లేదు. ఈ జబ్బు తీరే అంత. గట్టిగా అడిగితే, "అది కాల్షియం ఛానల్ బ్లాకరంట. ఎముకల్లో సున్నం తినేస్తాదంట. నేను మింగనమ్మా" అన్నారు.

అసలు సంగతి వేరు. రక్తనాళాల గోడల్లో కండరం ఉంటుంది. ఆ కండరపు కణాలకు సన్నని ద్వారాలుంటాయి. వాటిగుండా కాల్షియం లోపలికి వస్తేనే కండరం బిగుస్తుంది. అమ్లోడిపిన్ ఆ ద్వారాల దగ్గర కూర్చుని రాకను తగ్గిస్తుంది. నాళం వదులై పోటు దిగుతుంది. ఎముకల్లోని సున్నాన్ని అది తోడెయ్యదు.

ఇక దాని పుట్టుక చూద్దాం. డైహైడ్రోపిరిడీన్ల కుటుంబం. ఒక్క అణువులో 20 కర్బన, 25 హైడ్రోజన్, 5 ఆక్సిజన్, 2 నైట్రోజన్, 1 క్లోరిన్ పరమాణువులు. మాత్రలో ఎక్కువగా బెసిలేట్ అనే లవణ రూపంలో వేస్తారు. తెల్లని పొడి, నీళ్లలో కొద్దిగానే కరుగుతుంది. దీని అక్కగారు నిఫెడిపిన్ పసుపుపచ్చగా ఉంటుంది, వెలుతురు తగిలితే చెడిపోతుంది. అమ్లోడిపిన్‌నూ వెలుతురుకు దూరంగానే ఉంచాలి. మా అత్తగారు మాత్రలన్నీ వొలిచి గాజుసీసాలో పోసి కిటికీలో పెట్టేవారు, అదీ మన మే నెల ఎండలో!

ఒంట్లో ఈ మందు సగానికి తగ్గడానికి 30 నుంచి 50 గంటలు పడుతుంది. అందుకే రోజుకొక్కటి చాలు. వేసుకున్న రోజే పోటు పూర్తిగా దిగదు, వారం పదిరోజులు ఓపిక పట్టాలి. తిన్నాక వేసుకున్నా, తినకముందు వేసుకున్నా ఒకటే. నిన్న మరిచామని ఈరోజు రెండు మింగకూడదు. కొందరికి చీలమండలు వాస్తాయి. అలాగైతే మీరే మానెయ్యక డాక్టరుకు చూపించండి, మోతాదో మందో మారుస్తారు.

ఇప్పుడు మా అత్తగారి మాత్రలు అట్టలోనే, బీరువాలో ఉన్నాయి. సంగటి ముద్ద మానలేదు. ఊరగాయ జాడీ మాత్రం అటకెక్కింది. దానికి నామీద కోపం ఇంకా పోలేదనుకోండి!