అద్దె ఇంట్లో పొగగొట్టం ఎవరి బాధ్యత?



అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు మనం మొట్టమొదట అడిగేది నీళ్ళ సంగతి. ఆ తర్వాత అలమరాలెన్ని, బట్టలు ఆరేసుకునే చోటుందా, అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, ఇవన్నీ అడుగుతాం. వంటింటి పొగ ఎటు పోతుంది, స్నానాలగదిలోకి గాలి ఎటునుంచి వస్తుంది అని మాత్రం అడగం. చేరిన నాలుగు నెలలకి పోపు ఘాటు పడగ్గదిదాకా వచ్చి పిల్లలు దగ్గుతుంటే అప్పుడు మొదలవుతుంది తగవు. "వాడుకునేది మీరు, బాగుచేయించుకోవలసిందీ మీరే" అంటుంది ఇంటిగలావిడ. "గోడలో ఉన్న గొట్టానికి మేమెందుకు ఖర్చు పెట్టాలండీ?" అంటాం మనం. ఇందులో న్యాయం ఎటుందో ఈవేళ చెప్పుకుందాం.

పొయ్యి మీద బిగించే ఎలక్ట్రిక్ చిమ్నీలు రెండు రకాలు. ఒకటి గాలిని బొగ్గు ఫిల్టరులో వడగట్టి మళ్ళీ వంటింట్లోకే వదులుతుంది. దానికి గొట్టమే ఉండదు కనుక పేచీ లేదు, అప్పుడప్పుడు ఫిల్టరు మారిస్తే సరి. రెండోది పొగను గొట్టంలోంచి బయటికి తోస్తుంది. మన వంటల్లో పోపులూ వేపుళ్ళూ ఎక్కువ కదా, ఆ నూనె ఆవిరి గొట్టంలో చల్లారి జిడ్డుగా పేరుకుంటుంది. మడతల అల్యూమినియం గొట్టమైతే ప్రతి మడతలోనూ పడుతుంది. వంపులు ఎక్కువైనకొద్దీ లాగడం తగ్గుతుంది. అపార్టుమెంట్లలో గొట్టం కొస చాలాచోట్ల 'డక్టు'లోకి ఉంటుంది. డక్టు అంటే ఫ్లాట్ల మధ్య పైపులకోసం, గాలికోసం వదిలిన సందు. అక్కడ పావురాలు గూడు పెట్టాయంటే ఇక చెప్పక్కర్లేదు. జిడ్డు పట్టిన గొట్టం పొగకి అడ్డమే కాదు, పొయ్యి మంట పైకి లేచినప్పుడు అంటుకుంటుంది కూడా.

మరి చట్టం ఏమంటుంది? 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఎవరేం బాగుచేయించాలో పట్టిక ఉంది. కట్టడం మరమ్మతులు, గోడలకి సున్నం, నీటి పైపులు మార్చడం, వైరింగు ఇంటివారి వంతు. కుళాయి వాషర్లు, స్విచ్చులు, వంటింటి అమరికల రిపేర్లు, చివరికి కిటికీ దోమతెర కూడా అద్దెకున్నవాళ్ళ వంతు. గీజరు రిపేరూ మన వంతే! పొగగొట్టం పేరు మాత్రం అందులో ఎక్కడా లేదు. పైగా అది నమూనా మాత్రమే, ఏ రాష్ట్రం దాన్ని చట్టంగా చేసుకుంటే అక్కడే చెల్లుతుంది.

ఇంకా వెనక్కి వెళితే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఉంది. ఇంటివారు తాము చేయించవలసిన మరమ్మతు, మనం తెలియజేశాక కూడా తగిన వ్యవధిలో చేయించకపోతే, మనమే చేయించుకుని ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో తగ్గించుకోవచ్చునని దాని 108వ సెక్షను చెబుతుంది. బాగానే ఉంది. కానీ 'చేయించవలసిన' అన్న ముక్క దగ్గరే ఉంది కిటుకంతా. వారు చేయించవలసిందని ఎక్కడ రాసి ఉంది? అగ్రిమెంటులో లేకపోతే వాదన మిగులుతుంది గాని అద్దె తగ్గదు.

అంచేత చేరేముందే ఒక్క వాక్యం రాయించుకోండి. "చిమ్నీ ఫిల్టర్ల శుభ్రత అద్దెకున్నవారిది, గోడలోని గొట్టం, దాని బయటి మూత బాగుచేయించడం యజమానిది" అంటే చాలు. నన్నడిగితే న్యాయమైన పంపకం అదే. వేణ్ణీళ్ళలో గిన్నెల సబ్బు వేసి ఫిల్టరు నానబెట్టి కడుక్కోవడానికి ఇంటివారిని పిలవలేం కదా! వేపుళ్ళు ఎక్కువ చేసే ఇంట్లో నెలకోసారైనా కడగాలి. చిమ్నీ మనమే కొని తెచ్చుకుంటే గొట్టమూ మనదే, గోడకి కన్నం పెట్టడానికి అనుమతి కూడా కాగితం మీదే తీసుకోవాలి. డక్టు మాత్రం అందరిదీ. దాన్ని బాగుచేయించవలసింది అసోసియేషను. నెలనెలా మెయింటెనెన్సు మనం కడుతున్నా, సాధారణంగా అసోసియేషనులో సభ్యులు ఇంటివారే, అందుకని వారిచేత అడిగించండి. ఫిర్యాదు నోటిమాటగా కాక ఫొటోతో సహా ఫోనులో మెసేజిగా పంపండి. తేదీ దానంతటదే పడుతుంది.

స్నానాలగదిలో గ్యాసు గీజరు ఉంటే మాత్రం ఈ పంపకాలకోసం ఆగకండి. తలుపూ కిటికీ మూసిన చిన్న గదిలో అది మండితే ఉన్న ప్రాణవాయువు తగ్గిపోయి కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. తల తిరిగేసరికే తలుపు గడియ తీసే ఓపిక ఉండదు. ఆ గీజరు గదికి బయట ఉండాలి, లేదా దాని పొగ గొట్టం ద్వారా ఆరుబయటికి పోవాలి. వెంటిలేటరుకి అట్టముక్క అడ్డం పెట్టి ఉంటే ఈరోజే తీసేయండి. ఇంటివారు గీజరు మార్పించేదాకా నీళ్ళు వంటింట్లోనే కాచుకుని బకెట్లో పోసుకోండి.