లైట్ పొల్యూషన్: సిటీలో చుక్కలు ఎందుకు కనిపించట్లేదు? పాలపుంతను ఫొటో తీయాలంటే ఏం చేయాలి?

ఒకప్పుడు ఎండాకాలం వచ్చిందంటే చాలు.. డాబా మీద మంచాలు వేసుకుని చుక్కలు లెక్కపెట్టుకుంటూ నిద్రపోయేవాళ్లం. గొల్లకావడి, పిల్లలకోడి అంటూ పెద్దవాళ్లు చుక్కల గుంపులను వేలితో చూపించేవారు. ఇప్పుడు అదే డాబా ఎక్కి చూడండి. పట్టుమని పాతిక చుక్కలు కూడా కనిపించవు. మరి అవన్నీ ఎక్కడికి పోయాయి? ఎక్కడికీ పోలేదు. మన లైట్ల వెనకాల దాక్కున్నాయంతే. దీన్నే లైట్ పొల్యూషన్, అంటే కాంతి కాలుష్యం అంటారు.

అసలేం జరుగుతోంది?

వీధి దీపాలు, హోర్డింగులు, ఫ్లడ్ లైట్ల నుంచి వెలుతురు పైకి వెళ్తుంది. గాలిలోని దుమ్ము, తేమ, వాయువుల అణువులకు తగిలి చెల్లాచెదురవుతుంది. దీంతో ఆకాశమంతా ఒక మెరుపు తెరలా మారిపోతుంది. ఆ తెర కంటే మసకగా ఉండే నక్షత్రాలు మన కంటికి ఆనవు. నీలి కాంతి ఎక్కువగా చెదురుతుంది కాబట్టి తెల్లటి ఎల్‌ఈడీలతో ఈ సమస్య ఇంకా ముదురుతోంది.

2016లో వచ్చిన ప్రపంచ అట్లాస్ ప్రకారం 80 శాతానికి పైగా జనం కాంతి కాలుష్యం ఉన్న ఆకాశం కిందే బతుకుతున్నారు. ప్రతి ముగ్గురిలో ఒకరికి ఇంటి దగ్గర పాలపుంత కనిపించదు. 2011 నుంచి 2022 వరకు సాధారణ ప్రజలు పంపిన వివరాలను విశ్లేషిస్తే.. ఆకాశం ఏటా సగటున 9.6 శాతం చొప్పున వెలుతురెక్కుతోందని తేలింది. అంటే, 250 నక్షత్రాలు కనిపించే చోట పుట్టిన బిడ్డకు 18 ఏళ్లు వచ్చేసరికి అక్కడ మిగిలేవి దాదాపు 100 మాత్రమే!

హైదరాబాద్‌లోనూ ఇదే కథ

1901లో మొదలైన నిజామియా అబ్జర్వేటరీ తర్వాత బేగంపేటకు మారింది. ఆకాశం మొత్తాన్ని ఫొటో ప్లేట్లపై నమోదు చేసే అంతర్జాతీయ ప్రాజెక్టు కోసం ఇక్కడి నుంచే లక్షలాది నక్షత్రాల స్థానాలు కొలిచారు. నగరం పెరిగాక 48 అంగుళాల పెద్ద టెలిస్కోప్‌ను బేగంపేటలో కాకుండా, ఊరికి దూరంగా రంగారెడ్డి జిల్లా రంగాపూర్‌లో పెట్టాల్సి వచ్చింది.

ఫొటోలకు ఎందుకంత ఇబ్బంది?

ఆస్ట్రోఫొటోగ్రఫీలో కెమెరా షట్టర్‌ను చాలాసేపు తెరిచి ఉంచాలి. చీకటి ప్రాంతంలో వైడ్ లెన్స్‌తో 20 సెకన్లు తెరిస్తే పాలపుంత చక్కగా వస్తుంది. సిటీలో అదే 20 సెకన్లకు నక్షత్రాల కాంతితో పాటు ఆకాశం మెరుపు కూడా సెన్సార్‌లో చేరి ఫొటో తెల్లగా పాలిపోతుంది. ఎడిటింగ్‌లో ఆ మెరుపును తీసేసినా, అది తెచ్చిన నాయిస్ మాత్రం పోదు.

మరి ఫిల్టర్లు వాడొచ్చుగా అంటారా? హైడ్రోజన్, ఆక్సిజన్ కాంతిని మాత్రమే పంపే నారో బ్యాండ్ ఫిల్టర్లతో సిటీ నుంచే కొన్ని నెబ్యులాలను తీయొచ్చు. కానీ గెలాక్సీలు, పాలపుంత అన్ని రంగుల్లోనూ వెలుగుతాయి. ఎల్‌ఈడీ కాంతీ అంతే. అందుకే అక్కడ ఫిల్టర్ పెద్దగా పనిచేయదు. చంద్రుడు, గురుడు, శని మాత్రం బాగా ప్రకాశవంతంగా ఉంటాయి కాబట్టి సిటీ డాబా మీద నుంచైనా నిశ్చింతగా తీయొచ్చు.

మీరు వెళ్లాలనుకుంటే..

* క్యాలెండర్‌లో అమావాస్యకు దగ్గరి రాత్రులు ఎంచుకోండి.
* ఆకాశం చీకటిని 1 నుంచి 9 వరకు చెప్పే బోర్టల్ స్కేల్‌లో 4 లేదా అంతకంటే తక్కువ ఉన్న చోటు వెతకండి.
* కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఈలోగా ఫోన్ చూశారో.. మళ్లీ మొదటికే! ఎర్ర లైటు వాడండి.
* ఒక్క ఫొటోతో సరిపెట్టకుండా చాలా తీసి, సాఫ్ట్‌వేర్‌లో ఒకటిగా కలపండి.

పరిష్కారం మన చేతుల్లోనే

లద్దాఖ్‌లోని హాన్లేను 2022లో దేశంలోనే తొలి డార్క్ స్కై రిజర్వ్‌గా ప్రకటించారు. అక్కడి గ్రామస్థులు లైట్లు తగ్గించుకుని, టెలిస్కోపులతో పర్యాటకులకు ఆకాశం చూపిస్తూ ఉపాధి పొందుతున్నారు. 2024లో మహారాష్ట్రలోని పెంచ్ టైగర్ రిజర్వ్ దేశంలో తొలి డార్క్ స్కై పార్క్‌గా గుర్తింపు పొందింది.

మనం కూడా లైటుకు పైన మూత ఉండేలా, వెలుతురు నేల మీదే పడేలా చూసుకోవచ్చు. తెల్లటి బల్బు బదులు పసుపు కాంతి బల్బు పెట్టొచ్చు. అవసరం లేనప్పుడు ఆర్పేయొచ్చు. నదిలో కలిసిన విషం పోవాలంటే ఏళ్లు పడుతుంది. కానీ ఈ కాలుష్యం పోవడానికి ఒక్క స్విచ్ చాలు. లైటు ఆరిన ఆ క్షణమే చుక్కలు తిరిగొస్తాయి.