దివ్యాంగుల విలువిద్య: వైకల్య శాతం వేరు, క్రీడా వర్గీకరణ వేరు

శారీరక వైకల్యం గలవారు సాధారణ క్రీడాకారులతో దాదాపు సమానమైన నియమాలపై పోటీపడగల క్రీడలలో విలువిద్య ప్రముఖమైనది. వనపర్తి జిల్లా కొత్తకోట వంటి పట్టణాల నుండి ఈ క్రీడలో ప్రవేశించదలచిన దివ్యాంగ యువతకు మొదట తెలియవలసినది అర్హత విషయం. సదరం ధ్రువపత్రంలోని వైకల్య శాతమే పోటీకి అర్హతను నిర్ణయిస్తుందన్న అభిప్రాయం సరికాదు.

1948 జూలై 29న ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో డాక్టర్ లుడ్విగ్ గట్‌మన్ 16 మంది క్షతగాత్ర సైనికులకు విలువిద్య పోటీ నిర్వహించారు. పారాలింపిక్ ఉద్యమానికి అదే నాంది. 1960 రోమ్ క్రీడల నుండి ప్రతి పారాలింపిక్స్‌లోనూ విలువిద్యకు స్థానం లభించింది.

ప్రస్తుతం పారాలింపిక్స్‌లో మూడు విభాగాలున్నాయి. రికర్వ్ ఓపెన్‌లో 70 మీటర్ల దూరం నుండి 122 సెంటీమీటర్ల లక్ష్యఫలకంపై బాణాలు వేయాలి. ఒలింపిక్ క్రీడాకారులకూ ఇవే కొలతలు వర్తిస్తాయి. నారిని లాగి పట్టి ఉంచే శ్రమను చక్రాల సాయంతో తగ్గించే కాంపౌండ్ విల్లుకు కాంపౌండ్ ఓపెన్ విభాగంలో 50 మీటర్ల దూరం, 80 సెంటీమీటర్ల ఫలకం నిర్ణయించబడ్డాయి. కాళ్లతోపాటు చేతులు, మొండెంలోనూ తీవ్ర బలహీనత ఉండి చక్రాల కుర్చీ వినియోగించేవారికి డబ్ల్యూ1 విభాగం ఉద్దేశించబడింది. అర్హత దశలో ప్రతి ఒక్కరూ 72 బాణాలు వేస్తారు. గరిష్ఠ స్కోరు 720.

సదరం ధ్రువపత్రం సంక్షేమ పథకాలకు ఆధారం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం పలు ప్రయోజనాలకు 40 శాతం వైకల్యం ప్రాతిపదిక. క్రీడా వర్గీకరణ మాత్రం కండరాల శక్తి, కీళ్ల కదలిక, అవయవ లోపం వంటివి బాణం వేయడంపై ఏ మేరకు ప్రభావం చూపుతున్నాయో పరిశీలించి, శిక్షణ పొందిన వర్గీకరణ నిపుణులు నిర్ణయిస్తారు. ఈ మూడు విభాగాలు శారీరక వైకల్యానికే పరిమితం. కేవలం వినికిడి లోపం గలవారు ధ్రువపత్రంలో ఎంత శాతమున్నా వీటి పరిధిలోకి రారు.

ఈ రంగంలో భారత క్రీడాకారుల విజయాలు స్ఫూర్తిదాయకం. హర్యానాకు చెందిన హర్విందర్ సింగ్ టోక్యో క్రీడలలో కాంస్యం, 2024 పారిస్ క్రీడలలో స్వర్ణం సాధించారు. జమ్మూకశ్మీర్‌కు చెందిన శీతల్ దేవి చేతులు లేకుండానే కుడి పాదంతో విల్లు పట్టి, భుజానికి అమర్చిన సాధనంతో నారిని లాగుతారు. పారిస్‌లో రాకేష్ కుమార్‌తో కలిసి మిశ్రమ జట్టు కాంస్యం గెలిచిన ఆమె, 2025లో గ్వాంగ్జూలో ప్రపంచ ఛాంపియన్ అయ్యారు.

పొరుగున ఉన్న నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమలలో చెంచులకు విల్లు తరతరాల తోడు. కొత్తకోట వంటి చోట్ల చదునైన నేల, చక్రాల కుర్చీ వెళ్లగల దారి, లక్ష్యఫలకం వెనుక జనసంచారం లేని రక్షిత స్థలం ఉంటే సాధన ప్రారంభించవచ్చు. క్రీడలలో దివ్యాంగుల భాగస్వామ్యానికి చర్యలు తీసుకోవడం 2016 చట్టంలోని 30వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వాల బాధ్యత. కావున ధ్రువపత్రంలోని శాతాన్ని మాత్రమే చూసి ఏ అభ్యర్థినీ అనర్హునిగా పరిగణించరాదు. వారిని వర్గీకరణ పరీక్షకు పంపడమే సరైన మార్గం.